మూడో ప్రకటన

నిజాంపట్నంలో పడవ ఎక్కినప్పటి నుంచి ఎస్తేరు తల ఎత్తలేదు. ఎత్తితే కడుపులోది బయటికి వచ్చేది. నంద్యాల మనిషికి సముద్రంతో ఏం పని చెప్పండి? కుందూ నదిలో మోకాటి లోతు నీళ్లు చూస్తేనే కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దేవుణ్ణి తలుచుకునే జాతి మాది. అయినా ఎక్కింది, తన అవసరం తనది.

పడవలో ఉన్నది నంద్యాల చుట్టుపక్కల క్రైస్తవ సంఘాలవాళ్లు. నాలుగేళ్ల కిందట దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఈ సంఘాలు బియ్యం పంపాయి, బట్టలు పంపాయి, మనుషుల్ని పంపి ఇళ్లు కట్టించాయి. ఆ ఇళ్లు చూసి పొమ్మని ఈ వేసవి సెలవుల్లో పిలుపొచ్చింది. సగం పల్లెలకు సరైన బాట లేదు. అందుకని తెరచాప పడవ ఒకటి మాట్లాడుకుని, పల్లెపల్లెకూ ఆగుతూ, తీరం వెంబడే బందరు దాకా పోయి రావాలని ఏర్పాటు. అందరికీ పెద్ద శిరివెళ్ల జకరయ్య. ఆడవాళ్లకు పెద్ద కృపమ్మ, నంద్యాలలో ఆడపిల్లల హాస్టలు వార్డెను. ఆ హాస్టల్లోనే ఎస్తేరు కుట్టుపని నేర్పేది. ఆమెది ఆళ్లగడ్డ. ఆ ఊరి నుంచి పడవ ఎక్కింది ఆమె ఒక్కతే.

“ఏమ్మే ఎస్తేరూ, నీ మొగుడు బందరు రేవులో సూపర్వైజరంటివి. ఆయప్ప పొద్దస్తమానం సముద్రం మీదనే ఉంటాడు, నువ్వేమో చూస్తేనే కక్కుతాండావ్. మీ ఇద్దరికీ యాడ కుదిరిందే?” అని కృపమ్మ అంటే పడవంతా నవ్వింది.

“కుదిరింది లేక్కా. రేవుకు పోతానే నువ్వే చూస్తావు గదా,” అంది ఎస్తేరు, కొంగుతో మూతి తుడుచుకుంటూ.

ఏం చూస్తుంది, మన్ను! ఎస్తేరు మొగుడు సూపర్వైజరూ కాదు, గీపర్వైజరూ కాదు. రాళ్లపని మనిషి. ఉప్పెన తరువాత ఇళ్లు కట్టడానికి ఆళ్లగడ్డ నుంచి పోయిన గుంపులో పోయాడు. అప్పటికి పెళ్లయి ఏడాది తిరగలేదు. పని ముగిసి మనుషులంతా తిరిగొచ్చారు, అతను రాలేదు. బందరులోనే ఉన్నాడని ఒకటి రెండు సార్లు కబురు తెలిసింది, తరువాత అదీ లేదు. ఎస్తేరు ఆళ్లగడ్డలో మొహం చెల్లక నంద్యాల చేరింది. చేరి ఊరుకుందా? ఎవరూ అడక్కముందే కథలు మొదలుపెట్టింది. మా ఆయన రేవులో పెద్ద పనిలో ఉన్నాడు, ఏటా క్రిస్మసుకు ఆళ్లగడ్డ వస్తాడు, వస్తే పట్టుచీర లేకుండా రాడు. ఆ చీర తన జీతంతో తనే కొనుక్కుని మడత మీద మడత పెట్టి అందరికీ చూపించేది. అబద్ధం ఆడితే అతికినట్టు ఉండాలంటారు. ఈమెది కుట్టుపని చేయి, కుట్టు ఎక్కడా కనపడకుండా అతికేది.

ఇప్పుడు ఆమెకు కావలసింది ఒక్కటే. బందరులో మొగుణ్ణి వెతికి పట్టుకోవాలి, ఇంటికి మళ్లించుకోవాలి. అదీ ఎవరికీ తెలియకుండా, పరువు చెడకుండా.

శనివారం మధ్యాహ్నం పోటు అందుకుని పడవ గిలకలదిండి దగ్గర కాలవలోకి జొరబడింది. రేవు, రేవు అని విని వచ్చినవాళ్లకు అక్కడ బురద కనపడింది, ఎండుచేపల వాసన తగిలింది. జకరయ్య మాత్రం పూనకం వచ్చినట్టు అందరినీ కోట దిబ్బల మీదికీ, డచ్చివాళ్ల గోరీల దగ్గరికీ తిప్పాడు.

“చూడండప్పా! ఈడికి ఓడలు బారులు బారులుగా వచ్చేవంట. అరబ్బులు, డచ్చోళ్లు, ఇంగిలీసోళ్లు, ఫ్రెంచోళ్లు, అందరికీ మన అద్దకం గుడ్డలే కావాల. ఆ పొద్దు గోల్కొండ రాజుకు ఇదే పెద్ద వాకిలి.”

“ఇప్పుడేమాయ నాయనా?” అని అడిగింది కృపమ్మ.

“ఇసుక మేట వేసింది, ఓడలు వేరే రేవు చూసుకున్యాయి. ఉన్నోళ్లను ఉప్పెన తీసుకపోయింది. మిగిలింది ఈ గోరీలే.”

ఎస్తేరు ఒక్కమాటా వినలేదు. నీ మొగుడేడే అని కృపమ్మ అడిగితే, పని మీద పక్క ఊరు పోయినాడంటక్కా అని ఇంకో అబద్ధం అతికింది. దారిలో కనపడిన ప్రతి మగవాడి మొహమూ చూస్తోంది.

బస గుడి పక్కన సత్రంలో. వీళ్లకు వండి పెట్టడానికి లూదియా అనే పిల్లను పెట్టారు. ఉప్పెన రాత్రి ఆ పిల్ల తాడిచెట్టును కరుచుకుని బతికింది, ఇంటిల్లిపాదీ పోయారు. గుడి పాస్టరు అయ్యగారే చేరదీసి పెంచుతున్నారు. ఎస్తేరు సొమ్మసిల్లి పడుకుని ఉంటే ఆ పిల్ల ఉప్పేసిన గంజి, నిమ్మకాయ ఊరగాయ తెచ్చి పక్కన కూర్చుని నుదురు నొక్కింది.

“తాగండక్కా, కడుపులో తిప్పడం తగ్గుద్ది. సోమవారం నా పెళ్లి. అప్పటిదాకా ఉంటారు గదా?”

“గాలి ఎదురుగా ఉందంట. మావోళ్ల పడవ కదిలేది ఆ పొద్దే అనుకుంటా. పిల్లగాడు ఏం చేస్తాడు?”

“ఆయనా?” అని లూదియా సిగ్గుపడి మొహం పక్కకు తిప్పుకుంది. “రేపు గుడిలో చూద్దురు గాని. మా మూడో ప్రకటన రేపే.”

ప్రకటన అంటే తెలియనివాళ్లకు చెబుతాను. మా సంఘాల్లో పెళ్లి కుదిరితే వరుసగా మూడు ఆదివారాలు గుడిలో ఇద్దరి పేర్లూ చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అప్పుడే లేచి చెప్పాలి. మూడోది దాటిందంటే ఇక తాళి కట్టడమే.

మరుసటి రోజు గుడిలో ఆడవాళ్ల వైపు, కృపమ్మ పక్కనే ఎస్తేరు ముసుగేసుకుని కూర్చుంది. పాటలయ్యాయి, వాక్యం అయింది. అయ్యగారు కాగితం తీశారు.

“కర్నూలు జిల్లా, ఆళ్లగడ్డ వాస్తవ్యుడు, భార్యావియోగి అయిన జయరాజుకూ, మన సంఘపు కన్యక లూదియాకూ జరగబోయే పరిశుద్ధ వివాహమును గూర్చి ఇది మూడవ ప్రకటన...”

ఎస్తేరు చెవుల్లో హోరు పెట్టింది. భార్యావియోగి! పెళ్లాం పోయినవాడా! మగవాళ్ల వైపు చూసింది. మొదటి వరసలో, తెల్లచొక్కాలో, కాస్త ఒళ్లు చేసి, తల నున్నగా దువ్వుకుని కూర్చున్నాడు ఆమె మొగుడు. ఆమెను చంపేసి, పూడ్చేసి, మూడేళ్లుగా ఏడ్చి, ఇక చాల్లే అని కళ్లు తుడుచుకున్న మొహం అది.

కృపమ్మకు ఏమీ తట్టలేదు. తట్టేదెట్లా? మొగుడి పేరు నోటితో పలకగూడదని ఎస్తేరును చిన్నప్పటి నుంచీ పెంచారు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ పేరు ఆమె నోటి నుంచి రాలేదు. మా ఆయన, మా ఇంటాయన, అంతే.

అయ్యగారు కాగితం మడిచి అన్నారు: “దేవుని బిడ్డలారా, నా మనసులో ఒక బరువుంది. జయరాజు మంచివాడే. కానీ అతని మొదటి భార్య చనిపోయిందనడానికి అతని మాట తప్ప సాక్ష్యం లేదు. ఆ ఊరివాళ్లెవరైనా చెప్పేదాకా ఈ పెళ్లి ఆపుదామా అని కూడా అనుకున్నాను. ఇవ్వాళ దేవుడు ఆ ప్రాంతపు బిడ్డల్ని పడవ మీద మన దగ్గరికి పంపాడు. మీలో ఎవరైనా ఇతన్ని ఎరుగుదురా?”

“ఎస్తేరూ, మీ ఊరోడే గదే! లే, లేసి చెప్పు,” అని కృపమ్మ ఆమె చంకలో చేయి పెట్టి లేపింది.

ఎస్తేరు లేచింది. జయరాజు వెనక్కి తిరిగాడు. చూశాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది అతనికి. అరవలేడు, కదల్లేడు.

చెప్పొచ్చు గదా! వీడు నా మొగుడు, నేను బతికే ఉన్నాను అని ఒక్కమాట చెబితే అయిపోయేది. కానీ పక్కన కృపమ్మ ఉంది. పట్టుచీరల మొగుడు, రేవు సూపర్వైజరు, ఇదిగో ఇక్కడ రెండో పెళ్లికి కూర్చున్నాడని తెలిస్తే నంద్యాల హాస్టల్లో పొయ్యి ఊదే ఆడది కూడా నవ్వుతుంది. అది ఒకటి. రెండోది, అతని కళ్లలో బెదురు. నాలుగేళ్లు ఏడిపించినవాడు తన పెదాల వైపు అట్లా చూస్తుంటే ఆమెకు ఒళ్లంతా తీపెక్కింది. వీణ్ణి ఇప్పుడే వదలగూడదు, ఉరితాడు చేతిలో పెట్టుకుని ఆడించాలి అనుకుంది. ఈరోజు కాపాడితే రేపు తోక ముడుచుకుని వెంట రాడా?

అయ్యగారు బైబిలు ముందుకు చాపారు. ఎస్తేరు దాని మీద చేయి పెట్టింది.

“నాకు తెలుసు. మా ఊరాయప్పే. ఆయప్ప పెండ్లాం సచ్చిపోయింది. నేను కండ్లారా చూసినా.”

గుడంతా స్తోత్రం చెప్పింది. లూదియా ఆనందం పట్టలేక ఎస్తేరు చేయి కళ్లకద్దుకుంది.

ఆ సాయంత్రం అనుకున్నట్టే జయరాజు ఆమెను వెతుక్కుంటూ డచ్చివాళ్ల గోరీల దగ్గరికి వచ్చాడు.

“ఎట్లుండావ్ ఎస్తేరూ?”

“సచ్చిపోయినా గదప్పా. సచ్చినోళ్లు ఎట్లుంటారు?”

జయరాజు కాళ్ల మీద పడ్డాడు. తప్పయిపోయింది అన్నాడు, బుద్ధి గడ్డి తినింది అన్నాడు. లెమ్మని ఆమె అనలేదు.

“ఇంకా వంగు. నొసలు నేలకు ఆనాల,” అంది. ఆనించాడు.

“ఆ దొరసాని గోరీకి మొక్కి చెప్పు, నా పెండ్లాం బతికే ఉందని.”

మొక్కి చెప్పాడు. ఇంకోసారి చెప్పమంది. చెప్పాడు. నాలుగేళ్లలో ఎస్తేరుకు అంత హాయి ఎప్పుడూ కలగలేదు. చీకటి పడేదాకా అట్లాగే చెప్పించాలనిపించింది.

“రేపు తెల్లారి మొదటి బస్సుకు పో. పోయి ఆళ్లగడ్డలో ఉండు. నేను పడవలో వెనక వస్తా. పోలేదనుకో, గుళ్లో నిలబడి అంతా చెప్తా.”

“పోతా, పోతా. ఆ పిల్లకు మాత్రం ఒక మాట చెప్పి...”

“చెప్పొద్దు.”

“నా అన్నోళ్లు ఎవురూ లేని పిల్ల ఎస్తేరూ. పెండ్లిబట్టలు కట్టుకోని కాసుకోని ఉంటాది.”

“కాసుకోనీ. నేను కాసుకోల్యా? వచ్చేవోడు రాకపోతే ఎట్లుంటాదో దానికీ తెలియాల.”

గంజి తెచ్చి నుదురు నొక్కిన పిల్ల గురించి అన్నమాట అది. నొక్కించుకున్న నొసటి మీద ఆ నిమ్మకాయ వాసన ఇంకా పోయిందో లేదో!

సోమవారం పొద్దున ఎస్తేరు పట్టుచీర కట్టుకుని అందరికంటే ముందు గుడికి పోయింది. పెళ్లికొడుకు ఖాళీ కుర్చీ చూడాలి, లూదియా వాకిలి వైపు చూడటం చూడాలి. అందుకే ముందు వరసలో కూర్చుంది. గంట కొట్టారు. మెడలో దండతో జయరాజు దర్జాగా నడిచొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎస్తేరు వైపు కన్నెత్తి చూడలేదు.

“ఈ వివాహమునకు అభ్యంతరమున్నవారు ఇప్పుడే చెప్పవలెను. లేనియెడల ఇక ఎన్నడును నోరు మెదపకూడదు,” అన్నారు అయ్యగారు.

ఎస్తేరు లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది. “ఆపండి! ఆ జయరాజు నా మొగుడు! వాని పెండ్లాన్ని నేనే. నేను సావల్యా, బతికే ఉండా!”

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మొగుడి పేరు అరిచింది. గుడంతా గగ్గోలైంది. అయ్యగారు మాత్రం ఉలిక్కిపడలేదు, జాలిగా చూశారు.

“అమ్మా, నువ్విట్లా చేస్తావని జయరాజు నిన్న సాయంత్రమే వచ్చి ఏడ్చాడు. నువ్వు చనిపోయిన ఆవిడకు చెల్లెలివట. అక్క పోతే బావను చెల్లెలు చేసుకోవడం మీలో ఉన్నదేనట. నన్ను చేసుకోకపోతే పెళ్లి చెడగొడతానని గోరీల దగ్గర బెదిరించావట. కాదని చెప్పగలవా?”

“అబద్ధం! వాడే నా కాళ్ల మీద పడినాడు!”

“పడినమాట నిజమే,” అన్నాడు జకరయ్య మెల్లగా. “నేను ఆపక్క నుంచి వస్తా చూసినా. ఆయప్ప మొక్కుతాంటే ఈమె నిలబడి నవ్వుతాండె.”

“బతిమాలినానయ్యా, నా పెండ్లి చెరపొద్దమ్మా అని,” అన్నాడు జయరాజు, కండువాతో కళ్లొత్తుకుంటూ.

అయ్యగారు కృపమ్మ వైపు తిరిగారు. “అమ్మా, మీరు ఈమెను ఎరుగుదురు గదా. ఈమెకు పెళ్లయిందా? భర్త ఎవరు?”

కృపమ్మ పాపం అబద్ధం చెప్పే మనిషి కాదు. “అయింది నాయనా. మొగుడు ఈడనే రేవులో సూపర్వైజరని చెప్తాంటుంది. పేరు ఎప్పుడూ చెప్పల్యా. పోయిన క్రిస్మసుకు కూడా వచ్చి పోయినాడంట. ఈ చీర ఆయప్ప తెచ్చిందే అనె.”

“నేనే కొనుక్కున్యానక్కా! ఆయన ఎప్పుడూ రాల్యా! అన్నీ నేను చెప్పిన అబద్ధాలే!”

“నాలుగేండ్లూ అబద్ధాలేనా?” అంది కృపమ్మ. “మరి నిన్న బైబులు మీద చెయ్యి పెట్టి చెప్పింది?”

“అదీ అబద్ధమే!”

“అయితే ఇదొక్కటి నిజమని ఎట్ల నమ్మమంటావే?”

అయ్యగారు జకరయ్యను అడిగారు: “పెద్దాయనా, ఈమె మాట మీద మీరు పూచీ పడతారా? పడితే పెళ్లి ఆపేస్తాను, మీ ఊరికి మనిషిని పంపి కనుక్కుంటాను.”

జకరయ్య ఆమె వైపు చూశాడు, నేల వైపు చూశాడు. “బైబులును ఆటబొమ్మ చేసిన మనిషికి నేనెట్ల పూచీ పడేది నాయనా?”

అందరూ లూదియా వైపు చూశారు. తెల్లచీరలో ఆ పిల్ల వెక్కుతోంది. “కానివ్వండయ్యగారూ,” అంది చిన్నగా.

కృపమ్మ ఎస్తేరు నోరు కొంగుతో మూసి, పొదివి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమె కళ్లెదుటే ఆమె మొగుడు ఇంకొకతె మెడలో తాళి కట్టాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఈమె నోరే ఈమెకు పాడె కట్టింది, ఇక ఎవర్ని తిట్టాలి?

మధ్యాహ్నానికి గాలి పడమటికి తిరిగింది. పోటు మీద ఉండగానే బయటపడాలని పడవ నడిపే సరంగు తొందరపెట్టాడు. పడవలో ఎవరూ ఎస్తేరు పక్కన కూర్చోలేదు. సామాన్లు ఎక్కిస్తుండగా పెళ్లిచీరతోనే లూదియా పరుగున వచ్చింది, చేతిలో పులిహోర పొట్లాలు. జయరాజు దూరంగా, కొబ్బరిబోండాలు అమ్మేవాడి దగ్గరే నిలబడిపోయాడు. దగ్గరికి వచ్చే దమ్ము లేదు.

“అక్కా, నా మీద కోపం పెట్టుకోకండి. నాకు అక్కచెల్లెళ్లు లేరు. మిమ్మల్ని ఇట్టా పంపితే నాకు మంచిది కాదు,” అని లూదియా మెడలోని సూత్రం బయటికి తీసింది. తాళి పక్కన సెనగబద్దంత బంగారు బిళ్ళ ఉంది.

“మావైపు రెండో పెళ్లివాణ్ణి చేసుకున్నవాళ్లు పోయినావిడ పేరు మీద ఇట్టా బిళ్ళ వేసుకుంటారు. అయ్యగారు వద్దన్నారు, నేనే చేయించుకున్నా. రోజూ పొద్దున్నే కళ్లకద్దుకుంటే ఆవిడ చల్లగా చూస్తదంట. మీ తోడబుట్టింది గదా. ఒక్కసారి ముట్టుకుని నన్ను దీవించండి.”

ఎస్తేరు ముట్టుకుంది. ఆ పిల్ల ఒంటి చెమటకు బిళ్ళ వెచ్చగా ఉంది. తన పేరు మీద బిళ్ళ! తను బతికుండగానే సవతి మెడలో వేలాడుతోంది. అప్పుడు ఆమెకు దుఃఖం రాలేదు. లోపల ఏదో చల్లబడి గడ్డకట్టింది.

“మా అక్క ఎట్ల సచ్చిపోయిందో చెప్పినాడా నీకు?”

“జొరం వచ్చిందని చెప్పారు.”

“జొరమా?” ఎస్తేరు గొంతు తగ్గించింది. “మజ్జిగలో కలిపిచ్చినాడు. నురగలు కక్కుకోని నా చేతుల్లోనే పోయింది. కండ్లారా చూసినానని బైబులు మీద చెయ్యి పెట్టి చెప్పల్యా? నువ్వూ విన్యావు గదా.”

లూదియా ఒక అడుగు వెనక్కి వేసింది.

“అందుకే పెండ్లి ఆపాలని చూసినా. మొగుడన్యా, ఇంకేందో అన్యా. నీకోసరమే అంత రచ్చకెక్కినా. ఎవురూ విననీకపోతిరి. ఇంగ నీ జాగర్త నీది. వాని చేత్తో ఇచ్చింది ఏదీ తాగొద్దు. ఎవురికీ చెప్పొద్దు, చెప్పినావని తెలిస్తే ఆ పొద్దే నీకు ఆఖరు.”

నిజాన్ని గుడి నిండా జనం మధ్య గొంతు చించుకుని అరిస్తే ఒక్కరు నమ్మలేదు. ఈ పచ్చి అబద్ధాన్ని ఆ పిల్ల ఒక్క గుటకలో మింగేసింది. పిడికిట్లో బిళ్ళను బిగించి పట్టుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఎస్తేరూ, ఎక్కు! గాలి పోతాది!” అని కృపమ్మ కేకేసింది.

ఎస్తేరు ఎక్కింది. తెరచాప ఎత్తారు, పడవ కాలవలో జరిగింది. కృపమ్మ ఒడ్డు వైపు చేయి ఊపుతూ, “ఎంత మంచి మనసే ఆ పిల్లది! దేవుడు సల్లగా చూడాల,” అంది.

“చూస్తాడులేక్కా,” అంది ఎస్తేరు.

ఒడ్డు మీద జయరాజుకు ధైర్యం వచ్చినట్టుంది. చెక్కిన కొబ్బరిబోండాం పట్టుకుని పెళ్లాం దగ్గరికి వచ్చాడు. ఎండలో నిలబడి ఉంది, దప్పికగా ఉంటుందని కాబోలు. నవ్వుతూ ఏదో అన్నాడు, బోండాం చేతికిచ్చాడు. పడవ మలుపు తిరిగేదాకా ఎస్తేరు చూస్తూనే ఉంది. లూదియా దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది, నోటిదాకా ఎత్తలేదు.